ద్వారము మిగిలినది, ప్రాకారము పోయినది



హైదరాబాదు నగరపు తూర్పు భాగమున సైదాబాదు అను పేట కలదు. అచ్చటినుండి చంచల్‌గూడ మీదుగా పడమరకు సుమారు క్రోసెడు దూరము పోయినచో దబీర్‌పురా దర్వాజా అను పాత ద్వారమొకటి కనబడును. దాని కమాను క్రిందుగా నేడును మనుష్యులు నడచుచున్నారు, మోటారు బండ్లు పోవుచున్నవి. క్రొత్తగా వచ్చిన గ్రామస్థుడెవడైనను దానిని చూచి, ద్వారము సరే, గోడ యేదియని అడుగక మానడు. ఇరుప్రక్కలను అంగళ్లు, ఇండ్లు, విద్యుత్తు స్తంభములు. గోడ మాత్రము లేదు. ఇల్లు పడిపోయి ద్వారబంధము నిలిచినట్లుండును ఆ చోటు.

ఈ పూట నేను విన్నవింపబోవునది ఆ గోడను గూర్చియు, అట్టి గోడలను గూర్చియు. ఊరిని చుట్టినది ప్రాకారము, గుడిని చుట్టినదియు ప్రాకారమే. ఇంటిని, తోటను, గడీని చుట్టినదానిని ప్రహరీ యందుము. పేరేదైనను ఇది లోపల, అది వెలుపల అని తెలుపుటయే దాని పని. పురాతన కట్టడములను కాపాడవలెనని పలుకువారు గోపురమును, మేడను, సమాధిని తలచుకొందురు గాని, చుట్టుగోడను తలచువారు అరుదు. అందుచేతనే మన దేశమున అన్నిటికంటె ముందుగా నశించునది గోడ.

సైదాబాదు ఆ నగరప్రాకారమునకు వెలుపలి పల్లె. కుతుబ్‌షాహీల కాలమున పేష్వా పదవి వహించిన మీర్ మహమ్మద్ మోమిన్ అస్తరాబాదీ దీనిని నెలకొల్పెనని చరిత్రకారులు వ్రాసియున్నారు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా హైదరాబాదు నగరమును, దాని నడుమ చార్మినారును కట్టించినప్పుడు నగరము చుట్టును గోడ కట్టించలేదు. ఇది వింతగా తోచవచ్చును. పశ్చిమమున కొన్ని మైళ్ల దూరములో గోల్కొండ దుర్గము ఉండనే యుండెను. దాని వెలుపలి ప్రాకారమునకు 87 బురుజులు, 8 ద్వారములు. కీడు మూడినప్పుడు రాజును, ధనాగారమును, సైన్యమును దుర్గములోనికి పోవును. నగరము బజారులతోను తోటలతోను నాలుగు దిక్కులకు విప్పుకొని యుండును. ఇదియే నాటి ఆలోచన. 1656లో మొగలు సేనలు మీద బడి వెళ్లిన పిదప, శత్రువునకు ఆటపట్టైన గుట్టను గూడ లోనికి చేర్చి, గోల్కొండకు నయాఖిల్లా అను క్రొత్త ప్రాకారమును జోడించిరి. నగరమునకు మాత్రము అప్పుడును గోడ లేదు.

1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించి గోల్కొండను పట్టుకొనెను. తరువాత దుర్గము వెనుకబడినది, నగరమే ముఖ్యమైనది. మహారాష్ట్రుల దాడుల భయము పెరిగినది. అప్పుడు మొగలు సుబేదారుగా నుండిన ముబారిజ్‌ఖాను నగరము చుట్టును రాతిప్రాకారమును మొదలుపెట్టెను. గోడ సగములో నుండగనే 1724లో శకర్‌ఖేడా యుద్ధమున నిజాముల్‌ముల్కు చేతిలో ముబారిజ్‌ఖాను మడిసెను. ఆ నిజాముల్‌ముల్కే మొదటి ఆసఫ్‌జా. మిగిలిన గోడను ఆయన పూర్తి చేయించెను. ఒకడు పునాది వేసినదానిని, వానిని చంపినవాడు తలకట్టు వరకు తెచ్చినాడన్నమాట. రాజులు పోరాడుకొందురు గాని, సున్నము కలుపువారు, రాళ్లు మోయువారు ఎవరి కాలమందైనను వారే.

ఆ గోడ చుట్టుకొలత సుమారు 6 మైళ్లు. దానికి 13 పెద్ద ద్వారములును, కిడికీలని పిలువబడు చిన్న దారులును ఉండెను. దబీర్‌పురా, యాకుత్‌పురా, మీర్‌జుమ్లా, గౌలిపురా, అలియాబాదు, ఫతే, దూద్‌బౌలి, పురానాపూల్, చాదర్‌ఘాట్, ఢిల్లీ దర్వాజాలని యిట్లు వాని పేర్లు. నేడు బస్సులలో కండక్టర్లు కేకవేయు పేటల పేర్లలో ఇవి కొన్ని వినబడును. పేటలు ఉన్నవి, పేర్లు ఉన్నవి. నిలువుగా మిగిలిన ద్వారములు మాత్రము రెండే: ఒకటి దబీర్‌పురాది, రెండవది మూసీ నదిపై 1578లో కట్టిన పాతవంతెన కొననున్న పురానాపూల్ ద్వారము.

గోడ ఏమైనదను ప్రశ్నకు మొదటి జవాబు మూసీనది. 1908 సెప్టెంబరు 28వ తేదీన వచ్చిన వరదలో వేలకొలది జనులు ప్రాణములు కోల్పోయిరి. నది వైపున ప్రాకారము పలుచోట్ల తెగి కొట్టుకొనిపోయినది. తరువాత విశ్వేశ్వరయ్యగారి సలహాపై గండిపేట వద్దను, హిమాయత్‌సాగరు వద్దను చెరువులు కట్టి వరదను కట్టడి చేసిరి. నదీతీరము రూపే మారినది. కాని వరద తినినది ఒక ప్రక్కనే. తక్కిన గోడను మనుష్యులే తినిరి. బాట వెడల్పు చేయవలెనని ఒకచోట, గాలి వెలుతురు రావలెనని యొకచోట, రాళ్లు పనికి వచ్చునని మరియొకచోట కొద్దికొద్దిగా తీసివేసిరి. నగరప్రాకారమును కూల్చుటకు ఒక ముహూర్తము, ఒక శాసనము లేదు. ఇరువదవ శతాబ్దములో మెల్లమెల్లగా అది లేకపోయినది. నేడు ఎక్కడనైన ఒక ముక్క మిగిలియున్నను, అది ఎవరి యింటి వెనుకగోడయో అయియుండును.

అట్లు కొద్దికొద్దిగా పోవుటయే గోడల స్వభావము. మేడకు యజమాని యుండును, గుడికి పూజారి యుండును. గోడ ఇద్దరి నడుమ నుండుటచేత ఇరువురును దానిని ఎదుటివానిదే యనుకొందురు. మరమ్మతు వచ్చినప్పుడు అది పొరుగువానిది; రాయి కావలసివచ్చినప్పుడు అది మనది. పైగా గోడలో ఒక బారెడు ముక్క పోయినంత మాత్రమున ఎవనికిని కొంప మునిగినట్లు తోచదు. పదిమంది పది బారలు తీసిన పిమ్మట, ఇంత మాత్రపు గోడను ఉంచి ఏమి ప్రయోజనమని పదునొకండవవాడు తక్కినది తీసివేయును.

ఇట్టి చిక్కు మనకే కాదు. ఇంగ్లండు దేశమున నారిచ్ అను పట్టణము కలదు. ఆ ప్రాంతము సుద్దనేల. కట్టుటకు తగిన మంచి రాయి అచ్చట దొరకదు. పొలము దున్నునప్పుడు నాగలికి తగులు చెకుముకి రాళ్లు మాత్రము కావలసినన్ని. మన తాతలు దూదితో నిప్పు రాజేసిన ఆ చెకుముకి రాయియే. అది గాజువలె గట్టిది, చేతికందు పరిమాణముది, కాని నునుపైనది, వంకరది. దానితో మూలకోణము తీర్చుటకు వీలుపడదు. అందుచేత అచ్చటివారు సున్నములో చెకుముకి రాళ్లను పరచి, మూలలయందును నడుమ వరుసలయందును ఇటుకను పేర్చి గోడ కట్టుదురు. రోమనుల కాలమునాడే యీ పద్ధతి యున్నది. అదే సీమలో బర్గ్ కాసిల్ అను మూడవ శతాబ్దపు కోటగోడలయందు చెకుముకి రాయి నడుమ అడ్డముగా పోవు ఎఱ్ఱని యిటుక పట్టెలు నేటికిని కనబడును. నారిచ్ వారు పదుమూడవ శతాబ్దపు చివరను మొదలుపెట్టి, సుమారు ఏబది సంవత్సరములలో తమ పట్టణము చుట్టును ఇట్టి గోడను సుమారు రెండున్నర మైళ్ల పొడవున కట్టుకొనిరి. పదునెనిమిదవ శతాబ్దపు చివరి దినములలో బండ్ల రాకపోకలకు అడ్డమని దాని ద్వారములన్నిటిని పడగొట్టిరి. గోడ ముక్కలు ముక్కలుగా మిగిలినది. ఆ ముక్కలను నేడు చట్టము కాపాడుచున్నది. మనకు ద్వారము మిగిలి గోడ పోయినది, వారికి గోడ మిగిలి ద్వారములు పోయినవి.

వారి చట్టములో మనము గమనింపదగిన సూక్ష్మమొకటి కలదు. ఒక భవనము రక్షిత పట్టికలో చేరినచో, ఆ భవనపు ఆవరణలో 1948 జూలై 1వ తేదీకి ముందునుండి యున్న ప్రహరీ మొదలగు కట్టడములును దానితోపాటు రక్షణ పొందును. వాని పేర్లు పట్టికలో వేరుగా వ్రాయనక్కరలేదు. ఇల్లు నాది, గోడ తీసివేసెదనని యజమాని యనుటకు వీలులేదు. అనుమతి కావలెను. ఇటుక, చెకుముకి రాళ్ల సామాన్యమైన తోటగోడలు అనేకము ఆ నియమముచేతనే నేటికిని నిలిచియున్నవి.

మన చట్టములలో గోడకు చోటు లేకపోలేదు. బ్రిటిషు ఇండియాలో 1904లో కర్జను ప్రభువు నాడు పురాతన కట్టడముల రక్షణకు చట్టము చేసిరి. అది సర్కారు, దత్తమండలములకు చెల్లినది గాని నిజాము రాజ్యమునకు చెల్లలేదు. హైదరాబాదులో 1914లో గులాం యజ్దానీగారి ఆధ్వర్యమున పురావస్తుశాఖ ఏర్పడినది. ఫసలీ 1337లో, అనగా 1927-28లో, ఈ రాజ్యమునకు ప్రత్యేకముగా రక్షణ చట్టము వచ్చినది. స్వాతంత్ర్యము పిమ్మట కేంద్ర ప్రభుత్వము 1958లోను, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1960లోను చట్టములు చేసినవి. 1958 చట్టములో పురాతన కట్టడమనగా ఏదియో చెప్పిన చోట ఒక మాట యున్నది. కట్టడము మాత్రమే గాక, దానిని ఆవరణ వేసి కాపాడుటకు అవసరమైన ప్రక్కభూమియు, దానిని చేరుటకు వలసిన దారియు కట్టడములోని భాగమే. నూరేండ్లు నిండిన ఏ నిర్మాణమైనను, చరిత్ర విషయమున విలువగలదైనచో, ఆ పేరునకు అర్హమే. అందు గోడ వలదని యెక్కడను లేదు. 2010లో చేసిన సవరణ ప్రకారము కేంద్ర రక్షణలోనున్న కట్టడమునకు నూరు మీటర్లలోపల క్రొత్త కట్టుబడి నిషిద్ధము, ఆపైన రెండువందల మీటర్ల వరకు అనుమతి లేక కట్టరాదు. అట్టి కట్టడమును చెరచినవానికి రెండేండ్ల వరకు ఖైదు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

అయినను చట్టము పట్టికను అనుసరించును. పట్టికలో లేనిది దాని కంటికి కనబడదు. హైదరాబాదు నగరమున 1995లో ఒక నిబంధన చేసి, నూరుకు పైగా పాత కట్టడములను పేరు పేరున ఎంచి రక్షణ కల్పించిరి. 2015లో ఆ నిబంధన తొలగింపబడినది. 2017లో తెలంగాణ శాసనసభ వారసత్వ రక్షణకు వేరుగ చట్టము చేసినది. ఒక నిబంధన పోయి మరియొక చట్టము వచ్చు నడుమ కాలములో, పేరున్న మేడకు పలుకువారు కలరు, పత్రికలలో వ్రాయువారు కలరు. పేరులేని గోడకు ఎవరు పలుకుదురు?

సైదాబాదు చెంతనే దీనికి తార్కాణము చూడవచ్చును. అచ్చటికి దగ్గరలో ఆస్మాన్‌గఢ్ అను గుట్ట కలదు. ఆ గుట్టమీద సర్ ఆస్మాన్‌జా 1885 ప్రాంతమున కట్టించిన రాతిమేడ యున్నది. సమీపముననే నిజాము సైన్యమున సేనానియై 1798లో మరణించిన ఫ్రెంచివాడు రేమండు సమాధి. జనులు ఆయనను మూసా రాం అని పిలిచి, ఆ పేరుమీదనే మూసారాంబాగు అను పేటను నిలుపుకొనిరి. 2001లో వానలకు సమాధి యెదుటి స్తంభముల మంటపము కూలినది. తరువాత తిరుగ నిలిపిరి. పేరున్నది గనుక తిరిగి లేచినది. అదే ప్రాంతమున వందల తోటలకు, దేవిడీలకు చుట్టునుండిన రాతి ప్రహరీలు కూలినప్పుడు, ఆ రాళ్లు క్రొత్త యిండ్ల పునాదులలోనికి పోయినవి.

ఇక మీ గ్రామములకు వచ్చెదను. తెలుగుదేశములో గోడలు కట్టుట నిన్నమొన్నటి విద్య కాదు. ఆంధ్రులకు ప్రాకారములు గల పట్టణములు ముప్పది యున్నవని రోమను గ్రంథకర్త ప్లీనీ రెండువేల యేండ్ల క్రిందట వ్రాసెను. పెద్దపల్లి జిల్లాలోని ధూళికట్టలో శాతవాహనుల నాటి మట్టికోట త్రవ్వకములలో బయటపడినది. నాగార్జునకొండ వద్ద ఇక్ష్వాకుల కోటగోడ మొదట మట్టిది, తరువాత కాల్చిన యిటుకది. ఆ కాలపు ఇటుక సుమారు 20 అంగుళముల పొడవు, 10 అంగుళముల వెడల్పు, 3 అంగుళముల మందము గలది. ఒక చేతితో ఎత్తుటకు రాదు. మీ ఊరి దిబ్బలో అట్టి యిటుక దొరకినచో పొయ్యి రాయిగా పెట్టుకొనక, ఎక్కడ దొరకినదో వ్రాసి పెట్టుడు. ఇటుక కొలతయే దాని వయస్సు చెప్పును.

ఓరుగల్లు సంగతి మీకు తెలిసినదే. గణపతిదేవుడు మొదలుపెట్టించిన రాతికోటను ఆయన కుమార్తె రుద్రమదేవి ఎత్తు పెంచి ముగించెను. 45 బురుజులు, చుట్టును కందకము, దానికావల మట్టికోట. రాతికోట గోడలో సున్నము లేదు. చెక్కిన పెద్ద రాళ్లు ఒకదాని బరువుతో ఒకటి పట్టుకొని నిలిచియున్నవి. లోపలివైపు మట్టికట్ట పోసి, సైనికులు ఎక్కుటకు మెట్లు తీర్చిరి. రాతిగోడను చూచి అబ్బురపడువారు, దాని వెలుపలి మట్టికోటను మాత్రము దిబ్బ యనుకొని దున్నుకొనిరి, ఇండ్లు కట్టుకొనిరి. గోడలలో గూడ మట్టిగోడ మరింత దిక్కులేనిది.

గ్రామములలో మీ కన్నుల యెదుటనున్నవి రెండు రకములు. ఒకటి ఊరి బురుజు. దోపిడిగాండ్ర భయమున్న దినములలో కావలివాడు ఎక్కి చూచుటకు కట్టినది. రెండవది గడీ గోడ. ఈ రెండవదానిని గూర్చి మీలో కొందరికి కోపము కలుగవచ్చును, ఆ కోపము న్యాయమైనదే. ఆ గోడలు వెట్టిచాకిరితో లేచినవి. 1946 నుండి 1951 వరకు జరిగిన పోరాటములో జనులు గడీలమీద పడినప్పుడు వారికి అది రాయి, సున్నముగా కనబడలేదు. దొర గోడను మేమేల కాపాడవలెనని యొక రైతు అడిగినచో జవాబు చెప్పుట సులభము కాదు. నాకు తోచినది యిది. దొర పేరు దస్తావేజులలో ఉండనే యుండును. ఆ రాయి మోసిన వడ్డెర పేరు, సున్నము నూరిన కూలిది పేరు ఎక్కడను లేదు. వారు చేసిన పనికి ఆ గోడ తప్ప వేరు సాక్ష్యము లేదు. గోడ పోయినచో దొర పోడు, కూలి పోవును. అయితే ఇది నా మతము. ఊరివారు కూర్చుండి నిర్ణయించుకొనవలసిన విషయము.

గోడను కాపాడుటలో మరియొక బాధ్యత కలదు. అది ప్రాణములతో కూడినది. 2020 అక్టోబరులో హైదరాబాదున కురిసిన మహావర్షమునకు బండ్లగూడ వద్ద ఒక ప్రహరీ కూలి ప్రక్కయిండ్లమీద పడగా పలువురు మరణించిరి. అది పురాతన ప్రాకారము కాదు. కాని ఆ నెలలోనే గోల్కొండ కోటలో గూడ గోడభాగము కూలినది. ఇట్టి దుర్ఘటన జరిగినప్పుడెల్ల అధికారులు పాతగోడలను పడగొట్టుడని ఉత్తరువు చేయుదురు. వారిని తప్పుపట్టుటకు లేదు. ఉబ్బిన గోడను చూచుచు ఊరకుండి, అది వారసత్వమని చెప్పుట ధర్మము కాదు. కాబట్టి గోడ ఎట్లు చెడునో, ఎట్లు బాగుపడునో కొంత వివరముగా చెప్పవలసియున్నది.

పాత రాతిగోడ ఒకే గోడ కాదు. లోపలి ముఖమొకటి, వెలుపలి ముఖమొకటి, నడుమ చిన్నరాళ్లు, మట్టి, సున్నము కలిపి నింపిన కడుపు. రెండు ముఖములను కలిపి పట్టుటకు అక్కడక్కడ అడ్డముగా పొడుగు రాళ్లు వేయుదురు. గోడ తలపైన మదురు ఏటవాలుగా ఉండి వాననీటిని వెలుపలికి జార్చును. మదురు పగిలినచో నీరు కడుపులోనికి దిగును. తడిసిన మట్టి బరువెక్కి క్రిందికి జారి, ముఖములను వెలుపలికి త్రోయును. అప్పుడు గోడ ఉబ్బును. పైనుండి చూచినవానికి ఏమియు తెలియదు. ప్రక్కనుండి దారము పట్టి చూచినచో తెలియును. రెండు వానలకాలముల నడుమ ఉబ్బు ఒక అంగుళము పెరిగినచో ఆ గోడ క్రింద పిల్లలను ఆడనీయరాదు, పశువులను కట్టరాదు.

పక్షులు వేసిన రావి, మర్రి విత్తులు మదురు పగుళ్లలోనే మొలచును. మొక్కగా నున్నప్పుడు వ్రేళ్లతో తీసివేయవచ్చును. చెట్టైన పిమ్మట దానిని గుంజి పెరుకుట మహాప్రమాదము. వేరు వెంట రాళ్లు వచ్చును. మొదలు నరికి, వేరును లోపలనే చావనిచ్చి, ఎండిన పిదప ఆ సందును సున్నముతో నింపవలెను. రావిచెట్టును నరుకుటకు మనసొప్పని పెద్దలు, చిన్ననాడే తీసి చెరువుగట్టున నాటింతురు గాక. రెండును బ్రదుకును.

గోడ మొదట్లో పేడకుప్పలు, చెత్త పోయుట, పశువులపాక దానికి ఆనించుట, క్రొత్త బాటను గోడ అడుగుకంటె ఎత్తుగా వేయుట, ఇవన్నియు తేమను పైకి ఎక్కించును. తేమతోపాటు ఉప్పు ఎక్కి యిటుక పొట్టుపొట్టుగా రాలును. రేగడినేలలో మరియొక బాధ. వాన పడగా అది పొంగును, ఎండగా బ్రద్దలగును. దానితోపాటు పునాది ఊగులాడును. అట్టిచోట గోడకు రెండు గజముల యెడముగా చిన్న కాలువ తీసి నీటిని దూరముగా పంపుటకంటె మించిన వైద్యము లేదు.

ఇక మరమ్మతు. నేడు తాపీమేస్త్రీని పిలిచినచో సిమెంటు తెమ్మనును. సిమెంటు గట్టిదే, ఆ గట్టిదనమే యిచ్చట కీడు. పాతగోడ ఊపిరి పీల్చును. తడిసిన గోడలోని తేమ రాళ్ల సందులలోని సున్నము ద్వారా వెలికి వచ్చి ఆరిపోవును. ఆ సందులను సిమెంటుతో మూసినచో తేమకు దారిలేక రాతిలోను ఇటుకలోను నిలిచి వానినే తినివేయును. కొన్నియేండ్లకు సిమెంటు గీతలు నిలిచియుండి, నడుమ ఇటుకలు గుంటలు పడిన గోడలను మీరు చూచియే యుందురు. గోడలో రాయికంటె అతుకు మెత్తగా నుండవలెను. చెడిపోవలసివచ్చినచో అతుకు చెడవలెను గాని రాయి చెడరాదు. అతుకును మరల వేయవచ్చును, రాయిని మరల పుట్టింపలేము.

సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీటితో విరియబోసి, ఆ సున్నమును కొన్ని వారములు నీటిలో నాననిచ్చి, ఇసుకతో కలిపి గానుగలో ఎద్దులచేత నూరించుట మన పాత పద్ధతి. డంగు సున్నమని మీ యెరుకలోనిదే. తేమ తగులు చోట ఇటుకపొడి, అనగా సుర్ఖీ, కలిపినచో బాగుగ పట్టును. కరక్కాయ నానబెట్టిన నీరు, బెల్లపు నీరు చేర్చుట మేస్త్రీలు తరతరములుగా ఎరిగినది. సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చి తిరిగి రాయి యగును. దానికి తొందర పనికిరాదు. అందుచేత ఈ పనికి వేసవి తగదు. వానలు వెనుకపట్టిన పిమ్మట కార్తికము నుండి మాఘము వరకు చేసి, పనిచేసిన చోటును తడి గోనెపట్టాలతో కొన్నాళ్లు కప్పి యుంచవలెను. గానుగ త్రిప్పుట యెరిగిన మేస్త్రీలు తగ్గిపోవుచున్నారు. మీ తాలూకాలో అట్టివాడొకడు మిగిలియున్నచో, ఆయనవద్ద ఇద్దరు కుర్రవాండ్రను పనిలో పెట్టుట గోడకు పూసిన సున్నముకంటె ఎక్కువ కాలము నిలుచును.

పంచాయతీవారికి దీనితో ఏమి సంబంధమని యడుగవచ్చును. 1992లో చేసిన రాజ్యాంగ సవరణ గ్రామపంచాయతీలకు అప్పగింపదగిన విషయములను 29గా ఎంచినది; వానిలో చివరిది సామూహిక ఆస్తుల సంరక్షణ. ఊరి బురుజు ఎవని సొంతము కానప్పుడు అది ఊరందరి ఆస్తియే గదా. మరమ్మతుకు చేయి పెట్టకముందే, గోడ నాలుగు వైపుల ఛాయాచిత్రములు తీయించుడు; పొడవు, ఎత్తు, మందము కొలిచి వ్రాయుడు; ఇటుక యున్నచో ఒక ఇటుక కొలత వ్రాయుడు; సర్వే నంబరును, గోడ కట్టించినవారిని గూర్చి ఊరి వృద్ధులు చెప్పు మాటలను, చెప్పినవారి పేర్లతో సహా జతచేయుడు. ఒక ప్రతి పంచాయతీ కచ్చేరిలో ఉంచి, ఒకటి రాష్ట్ర పురావస్తుశాఖకు, ఒకటి జిల్లా కలెక్టరుగారికి టపాలో పంపుడు. గోడ ఇదివరకే రక్షిత కట్టడముల పట్టికలో నున్నచో, శాఖవారి అనుమతి లేక ఒక తట్టెడు సున్నమైనను పూయరాదు. లేనిచో, మీ అర్జీ పోయిన నాటినుండి కచ్చేరిలో దానికొక కాగితమైనను ఉండును. దబీర్‌పురా నుండి యాకుత్‌పురా వరకు నడిచిన గోడకు అట్టి కాగితము పెట్టినవారు లేకపోయిరి.